జిప్సం తోలితే ఎరువు చేలో నిలబడుద్దా? డెల్టాలో చేసి చూసినవాళ్ళు చెప్పండి

ఉండి చేనుగట్టు | మే 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండి. ఉండి దగ్గర మాకు ఆరెకరాల చేను. నల్లమట్టి. తడిస్తే కాలు వదలదు, ఎండితే గునపం దిగదు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే. ఈ దాళ్వాకి ఎకరానికి మూడున్నర బస్తాల యూరియా పడింది. పదేళ్ళ కిందట రెండున్నరతో సరిపెట్టేవాణ్ణి. దిగుబడి మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. మరి ఆ పై బస్తా ఎక్కడికి పోతున్నట్టు?

మా అబ్బాయి ఫిన్లాండులో తుర్కు అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ చేలల్లో ఎరువు కొట్టుకుపోయి సముద్రంలో కలవకుండా హెక్టారుకి 4 టన్నుల జిప్సం చల్లుతున్నారని మొన్న ఫోనులో చెప్పాడు. మన లెక్కలో ఎకరానికి 1,600 కిలోల పైమాటే. ఈ సంగతి ఎరువుల కొట్టు దగ్గర నోరు జారాను. మర్నాటికల్లా ఒక ఏజెంటు ఫోను. లారీ పంపిస్తానండి, యూరియా సగానికి దిగిపోద్ది అంటున్నాడు. నమ్మబుద్ధి కావట్లేదు, అలాగని వదిలెయ్యబుద్ధీ కావట్లేదు. కాలువలు కట్టేసున్నారు, చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. తోలించుకుంటే ఇప్పుడే తోలించుకోవాలి. చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

కౌలుబాబు | మే 9, రాత్రి 9:15

ఏవండీ, 1,600 కిలోలు ఎవురు మొయ్యాలండి? సరుక్కన్నా లారీ కిరాయే ఎక్కువైపోద్ది. నాది పాలకొల్లు పక్క నాలుగెకరాల కౌలు. ఆ జిప్సం ఐదేళ్ళు పని చేత్తాదని మీ వోడు చెప్పే ఉంటాడు. నాకు ఆ చేను ఐదేళ్ళుంటాదని ఎవురు చెప్తారండి? వచ్చే యేడు ఎవుడు దున్నుతాడో మా ఆసామికే తెలీదు. నేను జిప్సం తోలితే పై యేడు ఇంకోడు పంట కోసుకుంటాడు. ఇది సొంత చేనోళ్ళ కబురండి, ఆయ్.

పాత ల్యాబ్ | మే 9, రాత్రి 10:30

చేనుగట్టు గారూ, నేను భూసార పరీక్ష కేంద్రంలో చాలా ఏళ్ళు మట్టి జల్లించిన మనిషిని. రిటైరై ఖాళీగా ఉన్నాను కనక కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

ముందు మీ బస్తాల లెక్క సరిచేద్దాం. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, అంతకుముందు 50. కాబట్టి మీ పాత రెండున్నర బస్తాలంటే 125 కిలోలు. ఇప్పటి మూడున్నర అంటే 157న్నర. పెరిగింది బస్తా కాదు, ముప్పాతిక బస్తా. అదీ తక్కువేం కాదనుకోండి.

157 కిలోల యూరియాలో నత్రజని 46 శాతం చొప్పున 72 కిలోలు. నీళ్ళు నిలిచిన వరిచేలో పైన చల్లిన నత్రజనిలో ఆ పైరుకి అందేది మామూలుగా 30 నుంచి 40 శాతమే. ఇంకొంత మట్టిలో ఉండిపోతుంది. మిగతాది పోయే దారులున్నాయి. అమ్మోనియాగా గాలిలోకి పోయేది ఒకటి. పైపొర మట్టిలో నైట్రేటుగా మారి, కిందికి దిగి, అక్కడ గాలాడక మళ్ళీ వాయువైపోయేది ఇంకొకటి. గట్టు తెగో, తూములోంచో మురుగుకోడులో కలిసేది మూడోది. అడుగుకి ఇంకిపోవడం దమ్ము చేసిన (నీళ్ళు పెట్టి బురదగా దున్నిన) మీ బంకమట్టిలో తక్కువ. అది గోదారి లంకల్లోనూ సముద్రం వార ఇసుక నేలల్లోనూ ఉండే తలనొప్పి.

ఇప్పుడు జిప్సం దగ్గరికొద్దాం. అదంటే కాల్షియం సల్ఫేటు. సోడియం ఎక్కువై మట్టి నీళ్ళలో చెదిరిపోతుంటే, జిప్సంలో కాల్షియం ఆ సోడియాన్ని తోసేసి రేణువుల్ని దగ్గరకి చేరుస్తుంది. చెదిరిన మట్టితో కలిసి పోయే భాస్వరం అలా ఆగుతుంది. ఫిన్లాండువాళ్ళ గొడవ భాస్వరంతో. మీ గొడవ నత్రజనితో. గాలిలోకి ఎగిరిపోయే యూరియాని జిప్సం పట్టి ఆపలేదండి. ఆ ఏజెంటు ఏ లెక్కన సగం అన్నాడో అడగండి ఓసారి.

మీ భూసార కార్డులో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత), ఈసీ (ఉప్పు కొలత) ఎంతున్నాయి? అవి చెప్పకుండా జిప్సం వెయ్యాలా వద్దా అని అడగడం, జ్వరం చూడకుండా మందు బిళ్ళ అడగడం లాంటిది.

తుర్కు నుంచి | మే 10, తెల్లవారుజాము 1:50

నాన్నా, నేనే. యూరియా తగ్గుతుందని నేను అనలేదు! ఫోను చెవికి దూరంగా పెట్టుకుని మాట్లాడతావు, సగం వినపడదు, మిగతా సగం నువ్వే పూరించుకుంటావు.

సరే, ఇక్కడి సంగతి పూర్తిగా చెబుతాను. ఈ ఊరి ముందున్న సముద్రం నిండా చిన్న చిన్న దీవులు. లోతు తక్కువ. చేలల్లోంచి వచ్చే భాస్వరంతో వేసవిలో నాచు పట్టి నీళ్ళు పచ్చబడిపోతాయి. 2016లో సవియోకి అనే ఏటి పరివాహకంలో సుమారు 1,550 హెక్టార్లలో రైతుల చేత జిప్సం వేయించి, ఏటి నీళ్ళు కొలిచారు. మట్టితో కొట్టుకుపోయే భాస్వరం సుమారు సగానికి తగ్గింది. ఆ తర్వాత ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని పెద్ద ఎత్తున చేయించింది. రైతు జేబులోంచి కాదు, అది గమనించు. జిప్సం కూడా ఇక్కడి ఎరువుల కర్మాగారంలో భాస్వరికామ్లం తీశాక మిగిలిందే.

ఇంకో రెండు విషయాలు. ఇక్కడ చేలు బార్లీ, గోధుమ. కోత అయ్యాక ఆగస్టు, సెప్టెంబరులో పొడి నేల మీద చల్లి, పైపైన దున్నుతారు. ఎరువు పోయేదంతా చలికాలపు వానల్లోనూ మంచు కరిగినప్పుడూ. మన దగ్గర ఊడ్పులప్పుడు పోతుంది. రెండోది, నీళ్ళు సముద్రంలో కలిసే చోటే వేస్తారు. మంచినీటి సరస్సుల్లోకి పారే చేలల్లో వెయ్యరు. జిప్సంలో ఉన్న సల్ఫేటు సరస్సు అడుక్కి చేరితే, అక్కడి ఇనుము పట్టి ఉంచిన పాత భాస్వరం ఊడి పైకొస్తుందని.

ఉండి చేనుగట్టు | మే 10, ఉదయం 6:20

అందరి ముందూ పరువు తీశావురా. సరే.

పాత ల్యాబ్ గారూ, కార్డు తీసి చూశానండి. పీహెచ్ 7.9, ఈసీ 0.9. సేంద్రియ కర్బనం మధ్యస్థం. భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ, జింకు తక్కువ అని రాసుంది.

పాత ల్యాబ్ | మే 10, ఉదయం 7:05

అయితే లారీ వద్దని చెప్పెయ్యండి. పీహెచ్ 8.5 దాటి, మార్చుకోదగ్గ సోడియం 15 శాతం మించితే అది చవుడు నేల. దానికి జిప్సం మందు. ఈసీ 4 దాటి పీహెచ్ 8.5 లోపుంటే అది ఉప్పు నేల. దానికి మందు మంచినీళ్ళు, మురుగు దారి. మీది రెండూ కాదు.

మీ అబ్బాయి చెప్పిన సరస్సు ముక్క బంగారం లాంటిది. మన వరిచేను ఏడాదిలో సగం రోజులు చెరువే కదండీ! నీళ్ళు నిలిచిన మట్టిలో సల్ఫేటు సల్ఫైడుగా మారుతుంది. ఇనుము తక్కువున్న చోట, మురుగు తియ్యని చోట, పచ్చి మోళ్ళు ఎక్కువ తొక్కిన చోట అది ముదిరి వేళ్ళు నల్లబడి కుళ్ళిన గుడ్ల కంపు కొట్టడం చూసే ఉంటారు. కొద్దిపాటి జిప్సంతో అంత అవుతుందని భయపెట్టడం లేదు. గంధకం తక్కువున్న చేనుకి అదే మేలు చేస్తుంది. మీథేన్ కూడా తగ్గుతుంది. కానీ బార్లీ చేలో తేలిన లెక్క తెచ్చి వరిచేలో దించకూడదు.

ఇంతకీ భాస్వరం ఎక్కువ అని కార్డులో ఉంది కదా. డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) ఎంత వేస్తున్నారు?

ఉండి చేనుగట్టు | మే 10, ఉదయం 7:30

పంటకో బస్తా. కార్డు రాకముందు నుంచీ.

పాత ల్యాబ్ | మే 10, ఉదయం 7:41

కార్డు వచ్చాక?

ఉండి చేనుగట్టు | మే 10, ఉదయం 7:44

అదే బస్తా. అలవాటండి.

అత్తిలమ్మాయి | మే 10, మధ్యాహ్నం 2:10

ఇక్కడ నా పుస్తకంలో లెక్క ఒకటి చెబుతాను. నాన్నగారు పోయాక ఐదేళ్ళుగా అత్తిలి దగ్గర మా మూడెకరాలు నేనే చూసుకుంటున్నాను. పిన తమ్ముడిది రొయ్యల చెరువు. వాడి దగ్గర నీళ్ళ పీహెచ్ చూసే కిట్ ఉంటుంది. ఈ దాళ్వాలో పైరు పలచగా ఉన్నప్పుడు, నీళ్ళలోనే యూరియా చల్లిన మర్నాడు సరదాకి చేలో నీళ్ళు చూశాను. పొద్దున్న ఏడింటికి 7.6 ఉంది. మధ్యాహ్నం రెండింటికి 9.1! కిట్ పాడైందనుకుని మళ్ళీ చూశాను. అదే.

తమ్ముడు నవ్వి, అక్కా, చెరువుల్లోనూ ఇంతే, ఎండెక్కాక నాచు నీళ్ళలో కార్బన్ డయాక్సైడు తినేస్తుంది, పీహెచ్ లేస్తుంది అన్నాడు. వాళ్ళకి పీహెచ్ లేస్తే అమ్మోనియా విషమై రొయ్య చస్తుందని గుండెదడ. మనకి అదే అమ్మోనియా ఎగిరిపోతుంటే తెలియను కూడా తెలియదు. చెరువువాడు రోజుకి రెండుసార్లు చూసే సంగతి మనం జన్మలో ఒక్కసారి చూడం.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. నీళ్ళు తీసేసి, బురద పదునులో సాయంత్రం పూట చల్లడం. ఒకటిన్నర రెండు రోజులాగి పలచగా నీళ్ళు పెట్టడం. పాత సలహాయే, వ్యవసాయశాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతున్నదే. దాంతోపాటు ఇంకోటుంది: 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి గానీ, 250 కిలోల తేమ మట్టి గానీ కలిపి రెండు రోజులు కప్పి ఉంచి చల్లడం. చిరుపొట్ట (కంకి పుట్టే) దశలో ఎకరం చేనుకి మట్టి పద్ధతి చేసి చూశాను. పక్క ఎకరానికి ఎప్పట్లా చల్లాను. రంగులో తేడా నా కంటికైతే కనపడింది. బస్తాల్లో తేడా చెప్పలేను, రెండూ ఒకే కుప్ప వేసేశారు కూలీలు. ఆ రోజు ఊళ్ళో పెళ్ళికెళ్ళాను, నాదే తప్పు.

కౌలుబాబు | మే 10, మధ్యాహ్నం 2:45

అమ్మాయిగారూ, 250 కిలోల మట్టి కలిపి, కప్పి, మళ్ళీ తట్టలకెత్తి చల్లాలంటే కూలి ఎంతయ్యిందో అది కూడా రాయండి.

అత్తిలమ్మాయి | మే 10, మధ్యాహ్నం 3:02

ఇద్దరికి ఒక పూట కూలి బాబాయ్. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, కూలి దానికంటే ఎక్కువే అయ్యింది. అందుకే మళ్ళీ చెయ్యలేదు. బురద పదునులో చల్లడానికి మాత్రం పైసా ఖర్చు లేదు, అది వదల్లేదు.

పాత ల్యాబ్ | మే 10, సాయంత్రం 5:20

నిజాయితీగా రాశావమ్మా. మట్టి ఎందుకు కలుపుతారో చెబుతాను. తేమ మట్టిలో యూరియా రెండు రోజుల్లో అమ్మోనియంగా మారడం మొదలుపెడుతుంది. బంకమట్టి రేణువు దాన్ని పట్టుకుంటుంది. ఇసుక మట్టితో ఆ పని జరగదు. ఇక 2015 నుంచి మనకి దొరికే యూరియా అంతా వేపపూత పూసిందే. ఆ పూత నైట్రేటుగా మారడాన్ని నెమ్మది చేస్తుంది తప్ప, నీళ్ళ మీద చల్లితే ఎగిరిపోయే అమ్మోనియాని ఆపలేదు. వేపపూత ఉంది కదా అని నీళ్ళలో విసిరేవాళ్ళు ఆ ముక్క గుర్తుంచుకోవాలి.

ఉప్పుగాలి | మే 11, ఉదయం 9:00

జిప్సాన్ని మరీ తోసిపారెయ్యకండి. మాది మొగల్తూరు దాటాక, సముద్రం గాలి తగిలే ఊరు. రెండెకరాల చవుడు. వానొస్తే పైన పొర కట్టి, చినుకు ఇంకక, నీళ్ళు పాలలాగా తెల్లగా నిలబడేవి. ఎరువు ఎంత చల్లినా ఆ పాలనీళ్ళతోపాటు కోడులోకే.

మొదటిసారి జిప్సం తోలించాను. ఏమీ అవలేదు. ఊరంతా నవ్వారు. ఎందుకు అవలేదో రెండేళ్ళకి తెలిసింది. జిప్సం సోడియాన్ని ఊడగొడుతుంది సరే, ఊడిన సోడియం పోవడానికి దారేది? మా పక్క కోడు పూడిపోయి నీళ్ళు అక్కడే ఎండేవి, ఉప్పు అక్కడే ఉండేది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసి డెల్టాకి నీళ్ళిచ్చాడు. మురుగు సంగతి ఇప్పటికీ ఎవరి చేను వాళ్ళదే. నలుగురం కలిసి చందా వేసుకుని కోడు తవ్వించాం. మళ్ళీ జిప్సం వేశాను, వానాకాలం నీళ్ళు కట్టి వదిలాను, కట్టి వదిలాను. పచ్చిరొట్ట కోసం జీలుగ వేసి పూతకి రాగానే కలియదున్నాను. మూడో ఏడు వరి నిలబడింది. నీళ్ళు తేటబడ్డాయి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెబుతాను, ల్యాబ్ గారు తప్పులుంటే దిద్దండి. చేలోంచి బఠాణీ గింజంత ఎండు గడ్డ తీసుకోండి. గాజుగ్లాసులో వాననీళ్ళు పోసి, గడ్డని మెల్లిగా అడుక్కి వదలండి. కదపకండి. మర్నాటిదాకా ఆగండి. గడ్డ విచ్చుకుని కుప్పలా కూలిపోతే ఫరవాలేదు, అది వేరు. గడ్డ చుట్టూ పాలపొగలా తెల్లటి మబ్బు వచ్చి నీళ్ళన్నీ మసకబారితే ఆ మట్టి చెదిరే మట్టి. ఇంకో గ్లాసులో చిటికెడు జిప్సం కలిపి చూస్తే మబ్బు రాదు. అలా ఉంటేనే జిప్సం మీద డబ్బు పెట్టండి.

పాత ల్యాబ్ | మే 11, ఉదయం 10:15

పరీక్ష సరిగ్గా చెప్పారు. ఒక్క మెలిక. మట్టిలో ఉప్పు బాగా ఉంటే ఆ ఉప్పే రేణువుల్ని పట్టి ఉంచుతుంది, సోడియం ఉన్నా మబ్బు రాదు. గ్లాసు తేటగా ఉందని సంబరపడి మంచినీళ్ళతో ఉప్పంతా కడిగేశాక, అప్పుడు మట్టి చెదరడం మొదలుపెడుతుంది. సముద్రం వార నేలల్లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అలాంటి చోట కడగడానికి ముందే జిప్సం ఉండాలి. కాబట్టి తీరం ఊళ్ళవాళ్ళు గడ్డని ఒకసారి వాననీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండోసారి కూడా చూడండి. బోరునీళ్ళు, కుళాయి నీళ్ళు వాడకండి, వాటిలో ఉండే లవణాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

లంకమనిషి | మే 11, రాత్రి 7:30

మీరంతా వరి దగ్గరే ఆగిపోయారు. ముక్తేశ్వరం అవతల మా లంకల్లో అరటి, కంద, కూరగాయలు. ఒండ్రు మీద ఇసుక. ఇక్కడ యూరియా వేసి నీళ్ళు పెడితే అడుక్కి చక్కా పోద్ది. పోయినది మా బావి నీళ్ళలోనే కలుస్తోందేమోనని నా అనుమానం.

మాకు దగ్గర్లో దొరికేది కొబ్బరి పొట్టు. పీచు తీసే మిల్లుల దగ్గర కొండలు కొండలుగా పడుంటుంది. నీళ్ళు పట్టుకుంటుంది కదా, ఎరువునీ పట్టుకుంటుందిలే అని మూడేళ్ళ కిందట పచ్చిపొట్టు రెండు ట్రాక్టర్లు తోలి అరటి మొదళ్ళకి వేశాను. నెల తిరక్కుండా ఆకులు పసుపుపచ్చ! యూరియా ఇంకా ఎక్కువ పొయ్యాల్సొచ్చింది. ఎరువు కాపాడదామని పోయి ఎరువు తినే రాక్షసిని తెచ్చి పెట్టుకున్నాను.

పాత ల్యాబ్ | మే 11, రాత్రి 8:10

పచ్చిపొట్టులో కర్బనం, నత్రజని నిష్పత్తి 100కి 1 దాటి ఉంటుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి, మీ అరటి నోటి దగ్గర ముద్ద లాక్కుంటాయి. టన్ను పొట్టుకి 5 కిలోల యూరియా, ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తే నల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు వెయ్యాలి. ముందు ఒక వానాకాలం బయట తడవనిస్తే అందులో ఉప్పు కూడా దిగుతుంది.

లంకమనిషి | మే 11, రాత్రి 8:25

అవునండి, పాత కుప్పలో అడుగున నల్లబడింది ఉంటే అది తెచ్చి నిరుడు కందకి వేశాను. అది బాగుంది. యూరియా కూడా ఒకేసారి కాకుండా నాలుగు దఫాలు చేశాను. రెంటిలో ఏది పని చేసిందో గోదారమ్మకే తెలియాలి.

కౌలుబాబు | మే 12, ఉదయం 6:50

నేనో తెలివితక్కువ పని చెప్తానండి, నవ్వుకోండి. రైసుమిల్లు బాయిలర్లో ఊక బూడిద ఊరికే పట్టుకెళ్ళమంటారు కదా. ఎరువు పట్టుకుంటాదని ఎవురో సెప్తే తడి బూడిదలో డీఏపీ కలిపి రాత్రంతా గోతాల్లో ఉంచాను. పొద్దున్నే గోతం మూతి ఇప్పితే ముక్కు పట్టేసిందండి! కళ్ళెంట నీళ్ళు. మా ఆవిడ ఇంకా దెప్పుతానే ఉంటాది.

అత్తిలమ్మాయి | మే 12, ఉదయం 7:15

బాబాయ్, మీ డీఏపీలో నత్రజని అంతా పిన్నిగారి కళ్ళలోకే పోయింది.

పాత ల్యాబ్ | మే 12, ఉదయం 8:00

బూడిద వేరు, బొగ్గు వేరు. గాలి బాగా తగిలి తెల్లగా కాలిన ఊకలో మిగిలేది ఎక్కువగా సిలికా. క్షార గుణం ఉంటుంది, అమ్మోనియం ఎరువు కలిపితే తరిమేస్తుంది. గాలి తక్కువ తగిలి నల్లగా మిగిలిన ఊక బొగ్గుకి సన్నటి రంధ్రాలుంటాయి. అది అమ్మోనియాన్ని కొంతవరకు పట్టుకుంటుంది. ఆకుమళ్ళలో, కూరగాయల మళ్ళలో, లంక నేలల్లో నల్లది వాడొచ్చు. మీ బంకమట్టికి పట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంది, దానికి బొగ్గు పెద్దగా కలిపేదేం లేదు. బూడిద వెయ్యాలంటే ఎరువుకి రెండు వారాలు ఎడంగా, విడిగా వేసి దున్నండి. సున్నం సంగతీ అంతే. మన నేలలు ఆమ్లనేలలు కావు, చెరువులకి తెచ్చిన సున్నం మిగిలిందని చేలో చల్లకండి.

చెరువుగట్టు | మే 12, సాయంత్రం 6:30

సున్నం అనగానే మా మీదికొచ్చారు. మురుగుకోడుల్లో, కాలవల్లో గుర్రపు డెక్క పెరిగితే రొయ్యల చెరువులవాళ్ళ వల్లే అంటారు. దమ్ము చేశాక ఎర్రటి బురదనీళ్ళు తూము తీసి వదిలేది ఎవరు? ఆ నీళ్ళే మేం తోడుకోవాలి.

ఉప్పుగాలి | మే 12, సాయంత్రం 6:52

మరి మీరు చెరువు ఖాళీ చేసినప్పుడు వదిలే ఉప్పునీళ్ళో? మా చేను చవుడైంది ఎందుకనుకున్నారు?

చెరువుగట్టు | మే 12, సాయంత్రం 7:10

నా చెరువు మంచినీటి చేపలదండి, ఉప్పెక్కడిది?

వేదిక పెద్ద | మే 12, రాత్రి 9:00

చెరువులా చేలా అన్న తగువుకి వేరే చర్చ ఇప్పటికే 40 పేజీలు నడుస్తోంది. అక్కడికెళ్ళండి. ఇక్కడ మట్టి గురించే. కొన్ని వ్యాఖ్యలు తీసేశాను.

అత్తిలమ్మాయి | మే 13, ఉదయం 6:10

పెద్దగారు కోప్పడక ముందే ఒప్పుకుంటాను, దమ్ము నీళ్ళ విషయంలో చెరువుగట్టు గారు అన్నది నిజం. చదును కనపడాలని, ఊడ్చేవాళ్ళు వచ్చేస్తున్నారని, దమ్ము చేసిన సాయంత్రమే నీళ్ళు వదిలేస్తాం. అందులో పోయేది మెత్తటి ఒండ్రు, దాన్ని అంటుకున్న భాస్వరం. దమ్ములో డీఏపీ చల్లి అప్పుడే వదిలితే ఇక చెప్పక్కర్లేదు. రెండు మూడు రోజులాగితే నీళ్ళు వాటంతటవే తేరుకుంటాయి. ఆ జిప్సం ఫిన్లాండులో చేసే పనిని మన చేలో రెండు రోజుల ఓపిక చేస్తుంది.

కాకపోతే మాకు చేలోంచి చేలోకి పారుదల. పై చేనాయన వదిలితే నా మడిలోంచే పోవాలి. ఆయన యూరియా నాకొస్తుంది, నాది కిందాయనకి పోతుంది. కిందాయన మూడేళ్ళుగా ఒక బస్తా తక్కువే వేస్తున్నాడు, పంట మాత్రం మాకంటే పచ్చగా ఉంటుంది. అడిగితే అంతా దేవుడి దయ అంటాడు.

కౌలుబాబు | మే 13, ఉదయం 6:40

ఆ కింద చేను కౌలుకిత్తారేమో కనుక్కోండి అమ్మాయిగారూ.

పాత ల్యాబ్ | మే 13, ఉదయం 9:30

కౌలుబాబు గారు మొదట్లో వేసిన ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అది అన్నిటికంటే గట్టి ప్రశ్న. ఒక్క పంటలోనే ఫలితమిచ్చే పనులు చూసుకోండి. గట్లకి ఎండ్రకాయ బొరియలు, ఎలుక కన్నాలు పూడ్చడం. బురద పదునులో యూరియా. ఒకేసారి కాకుండా దమ్ములో, పిలకలప్పుడు, చిరుపొట్టప్పుడు మూడు దఫాలు. మబ్బు పట్టి వాన వచ్చేలా ఉంటే ఆ రోజు చల్లకపోవడం. మధ్యలో అజొల్లా అనే నీటిమొక్క దొరికితే వదలండి, నీళ్ళ మీద పరుచుకుని నీడ పట్టి మధ్యాహ్నం పీహెచ్ లేవకుండా చూస్తుంది. అమ్మాయి కిట్‌తో కొలిస్తే తేడా తెలుస్తుంది. జీలుగ విత్తనం ఎకరానికి 10, 12 కిలోలు సరిపోతుంది, కానీ నీళ్ళు వదిలాక ఊడ్పుల్లోపు నెలన్నర దొరకాలి. మీ పక్క దొరుకుతుందా?

కౌలుబాబు | మే 13, ఉదయం 10:05

కాలవ వదిలిన ఇరవై రోజులకే ఊడుపులండి. తొలకరి ముందే పడితే జల్లొచ్చు, లేదంటే లేదు. దాళ్వా కోతయ్యాక పిల్లిపెసర జల్లితే గొడ్లకీ మేత, మిగిలింది దున్నెయ్యొచ్చు. అది మా తాత చేసేవోడు. గట్లు మటుకు రేపే చూసుకుంటాను.

ఉండి చేనుగట్టు | జూన్ 2, సాయంత్రం 5:45

ఆలస్యానికి క్షమించండి. గ్లాసు పరీక్ష చేశానండి. మొన్న కురిసిన వాననీళ్ళు పట్టి, ఆరెకరాల్లో మూడు చోట్ల గడ్డలు తీశాను. కాలువ వైపు రెండు గడ్డలూ విచ్చుకుని కూలాయి, నీళ్ళు తేటగా ఉన్నాయి. మూడోది డ్రెయిన్ వైపు మూల, ఎప్పుడూ వరి పొట్టిగా ఉండే అరెకరం. ఆ గ్లాసు పొద్దున్నకి మజ్జిగ తేటలా ఉంది! ఇన్నాళ్ళూ ఆ మూలకి జింకు లోపం అనుకుని సల్ఫేటు కొడుతున్నాను.

లారీ వద్దని చెప్పేశాను. ఏజెంటుకి కోపమొచ్చింది. డీఏపీ ఈ సార్వాకి ఆపేస్తున్నాను, మా ఇంటావిడ సాక్షి.

ఇంకో పని కూడా మొదలెట్టాను. కోడులో పొక్లెయిన్‌తో గుర్రపు డెక్క తీసి గట్టు మీద పడేశారు. వానొస్తే అది కుళ్ళి మళ్ళీ అదే నీళ్ళలోకి. మా చేలల్లోంచి పోయిన ఎరువు తినే కదా అది బలిసింది! నాలుగు ట్రాక్టర్లు మకాం దగ్గరికి తోలించి, గత్తం పొర, డెక్క పొర వేసి కుప్ప పెట్టించాను. కాయ, గింజ లేకుండా బాగా ఎండాక వేశాం. పాము ఒకటి వచ్చింది, అదొక్కటే ఇబ్బంది.

పాత ల్యాబ్ | జూన్ 2, రాత్రి 7:15

ఆ అరెకరం మట్టిని విడిగా పరీక్షకి పంపండి. ఆరెకరాల మట్టీ కలిపి ఒకే సంచిలో పంపితే సగటు 7.9 వచ్చింది, ఆ మూల దాంట్లో దాక్కుంది. పీహెచ్ 8.5 దాటితే ఆ అరెకరానికి మాత్రం ల్యాబ్ చెప్పినంత జిప్సం వెయ్యండి. ముందు డ్రెయిన్ వైపు తూము పని చేస్తుందో లేదో చూసుకోండి, మొగల్తూరు ఆయన అనుభవం మర్చిపోకండి. జింకు మానొద్దు. చవుడులో జింకు లోపం నిజంగానే వస్తుంది. మూడు పంటలకోసారి దమ్ములో ఎకరానికి జింకు సల్ఫేటు 20 కిలోలు, భాస్వరం ఎరువుతో కలపకుండా.

డెక్క కుప్ప బాగా వేడెక్కేలా తిప్పించండి, లేకపోతే కాడలు మళ్ళీ చిగురిస్తాయి.

తుర్కు నుంచి | జూన్ 2, రాత్రి 11:20

నాన్నా, పాము సంగతి నాకెందుకు చెప్పలేదు?

ఉప్పుగాలి | జూన్ 3, ఉదయం 6:00

అరెకరానికి లారీ ఎవడూ పంపడు. మేం జూలైలో ముగ్గురం కలిసి ఒక లోడు తెప్పిస్తున్నాం. అందులోంచి మీ వాటా తీసి ట్రాక్టర్ మీద పంపిస్తాను. పరీక్ష కాగితం వచ్చాక ఎన్ని కిలోలో చెప్పండి.

కౌలుబాబు | జూన్ 3, ఉదయం 6:25

నా చేనుకి కూడా గ్లాసు పెడదామనుకుంటన్నానండి. మా పక్క ఇంకా చినుకు పళ్ళేదు. మినరల్ వాటర్ టిన్ను నీళ్ళు పనికొత్తాయాండి?

పాత ల్యాబ్ | జూన్ 3, ఉదయం 6:50

ఆర్ఓ ప్లాంటు నీళ్ళయితే పనికొస్తాయి. గ్లాసు సబ్బు లేకుండా కడగండి.